జడ్జీలకు కూడా ఎన్నికలు పెడితే ఏమవుతుంది?

సంపాదకుడు గారికి,

జడ్జీలను ప్రజలే ఎన్నుకుంటే అన్నీ సర్దుకుంటాయని ఈమధ్య మీ లేఖల పేజీలో ఒకరు రాశారు. మన దేశంలో సీనియర్ జడ్జీలే కొత్త జడ్జీలను ఎంపిక చేసే కొలీజియం మీద ఆయనకున్న కోపం నాకూ ఉంది. కానీ నేను కాలిఫోర్నియాలో ఓటు వేసే మనిషిని, ఆ మందు వికటించిన చోటు నుంచే రాస్తున్నాను.

ఇక్కడ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిని గవర్నర్ నియమిస్తారు. తర్వాత ఆ జడ్జి కొనసాగాలా అంటే ఓటర్లు అవును, కాదు అని తేల్చాలి, పోటీ అభ్యర్థి ఉండరు. పూర్తి పదవీకాలం 12 ఏళ్లు. 1934లో వచ్చిన ఈ పద్ధతిలో 1986 దాకా ఒక్క జడ్జినీ దించలేదు. ఆ ఏడాది ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్‌ను దించేశారు.

ఆమె శాంటా క్లారా కౌంటీలో లాయరు పెట్టుకోలేని నిందితుల తరఫున ప్రభుత్వం పెట్టే న్యాయవాదుల్లో మొదటి మహిళ. 1975లో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఆమెను రాష్ట్ర వ్యవసాయ కార్యదర్శిని చేశారు. కూలీలు రోజంతా నడుం వంచి పనిచేయాల్సిన పొట్టి పిడి పార నిషేధం, వాళ్లకు యూనియన్ హక్కులిచ్చిన చట్టం రెండూ ఆ ఏడాదే వచ్చాయి. 1977లో బ్రౌనే ఆమెను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. అంతకుముందు ఆమె ఒక్కరోజు కూడా జడ్జిగా పనిచేయలేదు, ఆ విమర్శలో న్యాయం ఉంది.

కానీ ఆమె ఓడింది అందుకు కాదు. తన ముందుకొచ్చిన ప్రతి మరణశిక్ష కేసులోనూ ఆ శిక్షను రద్దు చేయడానికే ఆమె మొగ్గారు. హతుల కుటుంబాలను టీవీ ప్రకటనల్లో చూపించి ప్రచారం నడిపారు. ఆ కన్నీళ్లు నిజమైనవే, అయితే విచారణలో ఏ పొరపాటు జరిగిందో, చట్టం ఏమంటుందో 30 సెకన్ల ప్రకటనలో ఎవరు చెప్తారు? దాదాపు 67 శాతం మంది వద్దన్నారు. ఆమెతో పాటు తోటి జడ్జీలు క్రూజ్ రేనోసో, జోసెఫ్ గ్రోడిన్ కూడా పదవి పోగొట్టుకున్నారు, గ్రోడిన్ కొన్ని కేసుల్లో మరణశిక్షను సమర్థించినా సరే. ఆ తర్వాత బర్డ్ ఈస్ట్ పాలో ఆల్టోలో పేదలకు న్యాయసాయం చేసే కేంద్రంలో జిరాక్స్‌లు తీస్తూ వాలంటీరుగా ఉన్నారని చదివినప్పుడు నాకు చాలా బాధేసింది. 1999లో, 63 ఏళ్లకు, క్యాన్సర్‌తో చనిపోయారు.

పోనీ అది పాత కథ అనుకుందామా? 2025 ఏప్రిల్‌లో, జడ్జీలు నేరుగా పోటీచేసే విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఒకే ఒక్క రాష్ట్ర సుప్రీంకోర్టు సీటుకు రెండు పక్షాలూ కలిపి సుమారు 10 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాయి. అందులో ఎలాన్ మస్క్, ఆయన గ్రూపుల వాటాయే 2 కోట్లకు పైన. సుసాన్ క్రాఫర్డ్ గెలిచారు, మస్క్ బలపరిచిన అభ్యర్థి ఓడారు. ఎవరు గెలిచినా నా టెన్షన్ ఒకటే, అంత డబ్బు కుమ్మరించినవాళ్ల కేసు రేపు అదే కోర్టుకు వస్తే? మన దగ్గర ఒక అసెంబ్లీ సీటుకు ఎంత పారుతుందో మీ పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఇసుక కేసో, భూసేకరణ కేసో వినే జడ్జి కూడా అలాగే గెలిచి రావాలా?

కొలీజియాన్ని నిలదీద్దాం. 2017 నుంచి తీర్మానాలు వెబ్‌సైట్లో పెడుతున్నారు గానీ, ఒకరిని ఎందుకు తీసుకున్నారో, ఇంకొకరిని ఎందుకు పక్కన పెట్టారో చాలాసార్లు స్పష్టంగా ఉండదు. మన రెండు హైకోర్టుల నియామకాల విషయంలో మీ పత్రిక ఆ కారణాలే అడగాలి, పదేపదే అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా