రక్త క్యాన్సర్ మాత్రలు జిల్లాలోనే ఇవ్వాలి
సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ ఉన్న మా ఊరివాళ్లు ఇమాటినిబ్ మాత్రల కోసం నెలనెలా నగరానికి పరుగెత్తాల్సి వస్తోంది. 2013లో సుప్రీంకోర్టు ఈ మందు అసలు బ్రాండు గ్లివెక్‌కు పేటెంటు నిరాకరించడంతో వేరే కంపెనీలు చేసే చవక జనరిక్ మాత్రలు నిలిచాయి, సరే. దారిఖర్చు, పోయిన కూలి ఎవరు లెక్కగడతారు? మా అన్నయ్య వేసుకునేది రోజుకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే. దానికీ రెండుసార్లు ‘స్టాకు లేదు, వచ్చే వారం రండి’ అన్నారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మధ్యలో మానేసినవాళ్లను ఆ క్యూలోనే చూశాను. మోతాదులు తప్పితే జబ్బు తిరగబెట్టవచ్చు, మందుకు లొంగకుండానూ పోవచ్చు. నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మాత్రలు ఒకేసారి జిల్లా ఆసుపత్రిలోనే ఇవ్వాలి. జబ్బు ఎంత అదుపులో ఉందో చూపే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షకు రక్తం కూడా అక్కడే తీసి నగరంలోని ల్యాబ్‌కు పంపాలి.
- ఒక రోగి తమ్ముడు