ఏసీ చల్లగా లేదా? మాకు ఫోన్ చేసే ముందు ఫిల్టర్ చూడండి

మా ఏసీ సర్వీసు కస్టమర్లందరికీ నమస్కారం. ముందు మా తప్పు చెప్పేస్తాను.

పోయిన మే నెలలో పెదవాల్తేరులో ఒక పెద్దావిడ ఇంటికి మా కుర్రాడు వెళ్లి, "గ్యాస్ అయిపోయిందండీ" అని గ్యాస్ పట్టి డబ్బులు తెచ్చాడు. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. ఈసారి నేనే వెళ్లాను. ముందు మూత ఎత్తితే ఫిల్టర్ జాలీ కనిపించడం లేదు, బూడిదరంగు దుప్పటి కప్పినట్టు దుమ్ము. కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి తొడిగితే పది నిమిషాల్లో గది చల్లబడింది. గ్యాస్ డబ్బులు వెనక్కి ఇచ్చేశాను. ఆవిడ కాఫీ ఇచ్చారు గానీ, ఆ కాఫీ నాకు గొంతు దిగలేదు.

అందుకే ఇకనుంచి చల్లగా లేదని ఫోన్ చేస్తే ముందు ఫిల్టర్ ఫొటో అడుగుతాం. పదిహేను రోజులకోసారి మీరే కడుక్కోండి, దానికి మేం అక్కర్లేదు. ("అయితే మన షాపు గతేంటి?" అంది మా ఆవిడ.)

గ్యాస్ సంగతి. అది స్కూటర్లో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. మన విశాఖలో సముద్రం వైపు బాల్కనీల్లో అవుట్‌డోర్ యూనిట్ కాయిల్‌ని (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టని) ఉప్పుగాలి తినేస్తుంది. లీకు మూయకుండా ఏటా గ్యాస్ పట్టడమంటే మీ డబ్బు గాల్లోకి వదలడమే. డబ్బొక్కటే కాదు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్-32 అనే గ్యాస్ ఒక్క కిలో బయటికి పోతే, భూమిని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పాత ఆర్-22 అయితే 1,810 కిలోలు. కాబట్టి లీకు దొరకందే గ్యాస్ పట్టం. ఒకరోజు ఆలస్యమైతే తిట్టుకోకండి.

రిమోట్‌లో 18 నొక్కితే త్వరగా చల్లబడుతుందనుకుంటారు. ఇన్వర్టర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం) కాని ఏసీలో 18 పెట్టినా 26 పెట్టినా కంప్రెసర్, అంటే గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు, వేగం ఒకటే, 18లో ఆగకుండా తిరుగుతుందంతే. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. మన బాధ ఎండకన్నా ఉక్కపోత. 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా వేస్తే ఒంటి చెమట ఆరిపోతుంది. మా ఇంట్లో నేను ఒప్పించడానికి నాలుగు రాత్రులు పట్టింది, రిమోట్ దాచాల్సి వచ్చింది.

ఫిల్టర్ తీయడం రాకపోతే సాయంత్రం ఆరు దాటాక షాపుకి రండి. గోడకున్న పాత ఏసీ మీద చూపిస్తాను, డబ్బులేం వద్దు. ఇంట్లో పాత టూత్‌బ్రష్ ఉంటే పారేయకండి, జాలీ తోమడానికి అదే బాగుంటుంది.