గ్యాప్ దొరికిందిరా!

ఒరేయ్ గార్డూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు మూడుసార్లు మొదలెట్టాను, మూడుసార్లూ ఆ కాగితం వెనకాల వైరింగ్ బొమ్మలు గీసి పాడుచేశాను. ఇక్కడ అంతా క్షేమం. అమ్మ మోకాలు నయం, చిన్నదాని పరీక్షలు అయిపోయాయి, ఆఫీసు సంగతి అడక్కు. ఇక అసలు విషయం.

మన బొమ్మ రైళ్ల పాత లేఔట్ పీకేశాను.

ఒక్క నిమిషం, ఉత్తరం చింపకు. ఇత్తడి పట్టాలతో ఎన్నాళ్లని వేగుతాంరా? ఇత్తడికి పట్టే చిలుము కరెంటును పోనివ్వదు. ఒక్క చుట్టు తిప్పాలంటే ముందు అరగంట తోమడమే, బండి నడిపినట్టు కాదు, అంట్లు తోమినట్టు ఉండేది. కొత్తవి నికెల్ సిల్వర్. పేరుకే సిల్వర్, వెండి గురిగింజంత కూడా ఉండదు, అంతా రాగీ నికెలూ జింకూ. కానీ చిలుము పట్టినా ఇత్తడంత మొండికేయదు. పైగా మన 18 అంగుళాల వంపులో పొడుగు పెట్టెలు నడుం పట్టేసిన వాళ్లలా తిరిగేవి గదా, ఇప్పుడు 30 అంగుళాల వంపు. మధ్యలో ఆ పెద్ద బల్ల లేదు, బేస్‌మెంట్ గోడల వెంట 2 అడుగుల వెడల్పు అరుగులా కట్టాను. వెనకాల బండి పడిపోతే బల్లెక్కి బోర్లా పాకక్కర్లేదు. నువ్వు స్టేషన్ మీద కూర్చున్న రోజు గురించి నేనేమీ అనడం లేదు.

ప్లాస్టర్ కొండ కొట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆడలేదు. సొరంగం నెత్తిన నీ బొటనవేలి ముద్ర ఉంది చూడు, ఆరిందా లేదా అని నొక్కి చూశావే, అది అలాగే ఉంది. ఆ ముక్క పగలకుండా తీశాను. ఎక్కడ పెట్టాలో ఇంకా... సరే, అది వేరే కథ. బండిని ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే ఆ ఎనిమిదో నంబర్ పాయింట్‌ని మాత్రం నా చేతుల్తో చెత్తబుట్టలో పడేశాను. ప్రాణానికి హాయిగా ఉంది.

ఇప్పుడంతా డీసీసీ, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్. పట్టాల్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఏ ఇంజను ఎంత వేగంగా పోవాలో దాని పొట్టలోని డీకోడర్ చూసుకుంటుంది. ఒకే లైను మీద నీ బండి నీది, నా బండి నాది. ఆ పన్నెండు స్విచ్చుల డబ్బాతో పన్లేదు. అందుకే, నువ్వు ఏళ్ల తరబడి పోరు పెట్టిన లూప్ కూడా వేశాను. కథంతా అక్కడే ఉంది.

లూప్ తిరిగిన బండి అదే లైను మీదకి ఎదురుముఖంగా వస్తుంది గదా. అంటే ఎడమ పట్టా పోయి కుడి పట్టాని కలుస్తుంది. కలిస్తే షార్ట్. అందుకని లూప్ రెండు చివర్లా రెండేసి చొప్పున నాలుగు గ్యాపులు కోసి, మధ్య ముక్కని ఆటో రివర్సర్ అనే బోర్డుకి అప్పజెప్పాలి. చక్రాలు గ్యాప్ దాటుతుండగా అది షార్ట్‌ని పసిగట్టి, రెప్పపాటులో కరెంటు అటూఇటూ మార్చేస్తుంది. బండికి తెలియను కూడా తెలియదు. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది.

ఒక రాత్రి బండి లూప్‌లోకి మర్యాదగా వెళ్లింది. బయటికొస్తుంటే టక్కుమని అంతా చీకటి. ఇంజను దీపం లేదు, స్టేషన్‌లో ఆగిన రెండో బండీ చచ్చిపోయింది. చక్రాలు తుడిచాను. ఇంజను మార్చాను. డీకోడర్ కాలిందేమోనని భయపడి చచ్చాను. పాయింట్ మార్చి కొత్తది వేశాను, పాపం దాని తప్పేమీ లేదు. ప్రతి 3 అడుగులకీ నేనే టంకం పెట్టిన, పట్టాలకి కరెంటు అందించే ఫీడర్ వైర్లని ఒక్కొక్కటే ఊడదీసి మీటర్ పెట్టాను. నాలుగు రాత్రులురా! నెత్తికి రెండు బొప్పెలు. ఓసారి కోపమొచ్చి, ఈ డీసీసీ కంటే మన ఇత్తడే నయమని పైకే అన్నాను, బేస్‌మెంట్‌లో ఎవరూ లేరు గనక సరిపోయింది.

నాలుగో రాత్రి ఏమీ తోచక, నీ ఉత్తరం కవరు అంచు చింపి ఒక్కో గ్యాప్‌లో దూర్చి చూశాను. మొదటిది, దూరింది. రెండు, మూడు, దూరాయి. నాలుగోది, వంతెన కింద కంకర మధ్యలోది, కాగితం దూరలేదు! పట్టాలు రెండూ ముద్దు పెట్టుకున్నట్టు అంటుకుపోయి ఉన్నాయి. ఎందుకో తెలుసా? లేఔట్‌కి చెమ్మ తగలకూడదని నేనే శ్రద్ధగా తేమ లాగే మెషీన్ కొని పెట్టాను. చెక్క ఆరి, కుంచించుకుపోయి, పట్టాల్ని దగ్గరికి నెట్టేసింది. బండి లోపలికి పోయేటప్పుడు ఆ గ్యాప్‌కి రెండువైపులా కరెంటు ఒకే తీరు, కాబట్టి గొడవ లేదు. రివర్సర్ మార్చగానే ఆ అంటుకున్న చోట షార్ట్.

ఇప్పుడు చెప్తున్నా విను, ఈ మాట ఇంకోసారి రాయను: నువ్వు చెప్పావు. పట్టా కోసిన చోట ప్లాస్టిక్ ముక్క పెట్టరా అని నువ్వు చెప్పిన రోజు, "నువ్వు గార్డువి, జెండా ఊపు, వైరింగ్ నా డిపార్ట్‌మెంటు" అన్నాను. జెండా తీసుకుని నా మొహాన కొట్టు.

మళ్లీ కోసి, సన్నటి ప్లాస్టిక్ ముక్క జిగురుతో అతికించి, ఆకురాయితో పట్టా ఆకారానికి అరగదీశాను. మిగతా మూడింటికీ అదే వైద్యం. రాత్రి ఒంటిగంటకి పదకొండు పెట్టెల బండి, చివర నీ బ్రేక్ వ్యాన్, అదే గార్డు పెట్టె, లూప్ తిరిగి నా ఎదురుగా వచ్చింది. దీపం కూడా మిణకలేదు. పక్కన చప్పట్లు కొట్టడానికి ఒక్కడు లేడు, ఏం చెప్పను.

ఇంకా సిగ్నళ్ల సంగతి రాయాలి, యార్డులో ఆరో లైను ఎందుకు పొట్టిగా వచ్చిందో కూడా, అందులో కొంత నీ తప్పే, ఎలాగంటే...

పైనుంచి నాలుగోసారి పిలుపు. ఈసారి గొంతు ఎనిమిదో నంబర్ పాయింట్‌లా ఉంది. పోతున్నా.

నీ
డ్రైవరు