అమ్మ మోకాళ్ల బిళ్ల గురించి

రమణా,

నిన్న నీ ఫోన్ వచ్చినప్పటి నుంచీ ఒకటే టెన్షన్‌గా ఉందిరా. మీ కనిగిరి ఆర్‌ఎంపీ మోకాళ్ల నొప్పులకని అమ్మకిచ్చే చిన్న బిళ్ల డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ అని, నెలల తరబడి వాడుతోందని, రేపటి నుంచి మాన్పించేస్తానని అన్నావే, ఆ చివరి పని మాత్రం చెయ్యొద్దు. డాక్టర్‌కి చూపించేదాకా ఒక్కసారిగా ఆపకూడదు.

ఎందుకో చెప్తా విను. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కొలెస్టరాల్ నుంచి కార్టిసాల్ అనే స్టిరాయిడ్‌ని రోజూ తయారు చేస్తాయి. స్టిరాయిడ్లన్నిటికీ ఒకటే చట్రం, ఆరేసి కార్బన్ల వలయాలు మూడు, ఐదు కార్బన్లది ఒకటి, నాలుగూ అతుక్కుని ఉంటాయి. డెక్సామెథసోన్‌లో ఆ చట్రానికి ఒక ఫ్లోరిన్ పరమాణువు, ఒక మిథైల్ (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపు) చేర్చి, ఒక వలయంలో ఇంకో జంట బంధం పెట్టారు, అంతే, వాపు తగ్గించడంలో కార్టిసాల్ కంటే సుమారు 25 రెట్ల బలం వచ్చేసింది! అది కణంలోకి దూరి, అక్కడి రిసెప్టర్‌ని, అంటే స్టిరాయిడ్‌ని అందుకునే ప్రొటీన్‌ని పట్టుకుని కేంద్రకంలోకి పోయి వాపు పుట్టించే జన్యువుల నోరు నొక్కేస్తుంది. అమ్మకి హాయిగా అనిపించేది అందుకే. కానీ ఆ దారినే షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. బయటి నుంచి ఇంత స్టిరాయిడ్ వస్తుంటే మెదడు అడ్రినల్ గ్రంథులకి కబురు పంపడం మానేస్తుంది, అవి కుంచించుకుపోతాయి. అప్పుడు బిళ్ల టక్కున ఆపితే సొంత కార్టిసాల్ చాలక బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

అలాగని మందుని తిట్టకు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో కదల్లేని ఒకామెకి డాక్టర్ హెంచ్ బృందం కార్టిసాల్‌కి దగ్గరి స్టిరాయిడ్ అయిన కార్టిసోన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది, 1950లో శాస్త్రవేత్తలు కెండల్, రైక్‌స్టైన్‌లతో పాటు హెంచ్‌కి నోబెల్ ఇచ్చారు. 2020లో బ్రిటన్‌లో రికవరీ అనే పేరుతో రోగుల మీద మందుల్ని పరీక్షించిన పెద్ద ట్రయల్‌లో రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో చావులు మూడోవంతు దాకా తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం లాభం కనపడలేదు. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని చూడకుండా నొప్పి అన్న ప్రతి ఒక్కరికీ ఇచ్చేస్తున్నారు చూడు, నా కోపమంతా దాని మీదే.

ఇంకోటి, మీ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అమ్మ నొప్పులకి అదే మూలమైతే ఈ బిళ్ల నొప్పిని కప్పెడుతుందే గానీ రోగాన్ని ముట్టుకోదు.

ఈ వారంలోనే అమ్మని నెల్లూరు తీసుకురా, మా ఇంట్లోనే ఉండొచ్చు. మంచి ఫిజీషియన్‌కి చూపిద్దాం, డోసు మెల్లమెల్లగా ఎలా తగ్గించాలో ఆయనే చెప్తాడు. ఈలోగా జ్వరమో వాంతులో వచ్చినా, కళ్లు తిరిగినా, మరీ నీరసపడినా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, నెలల నుంచి స్టిరాయిడ్ వాడుతోందని ముందే చెప్పు. బిళ్లల షీటు ఫోటో తీసి ఈ రాత్రికే పంపించు.

నీ
శీను