హాల్లో గోడకు బొమ్మ

శ్రీకాకుళం

చి. బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. హాల్లో గోడకి ఏది కొనాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు బొమ్మల ఫోటోలూ రాత్రి చాలాసేపు చూశాను. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

బిందె పట్టుకున్న అమ్మాయి బొమ్మ మీ సోఫా రంగుకి సరిపోయిందన్నావు. సోఫా ఐదారేళ్లకి మార్చేస్తారు తల్లీ, బొమ్మ ఉండిపోతుంది. రంగు సంగతి తర్వాత, ముందు ఆ పిల్లని చూడు. నిండు బిందె చంకనెత్తుకుంటే నడుం ఒక పక్కకి ఒరుగుతుంది, రెండో చెయ్యి బరువు ఆపుకోడానికి కాస్త బయటికొస్తుంది. ఈ పిల్ల ఖాళీ బిందెతో ఫోటోకి నిలబడ్డట్టుంది. ముఖం చాలా అందంగా వేశారు, కాదనను. కానీ రోజూ చూసే బొమ్మలో నిలబడ్డ తీరు కుదరకపోతే నెల తిరిగేసరికి కంటికి ఆనదు.

రెండోది, పత్తి ఏకుతున్న ముసలామె బొమ్మ, నాకు మనసుకి పట్టేసింది. పొందూరు ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు కదా, మీ నానమ్మ చేసేది. ఆ ఎముకకి సన్నటి పళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. గట్టిగా లాగితే పీచు తెగుతుంది, మెల్లగా దువ్వాలి. ఫోటో పెద్దది చేసి ఆవిడ కుడిచెయ్యి చూశాను. మణికట్టు వదులుగా ఉంది, వేళ్లు మాత్రం ఎముకని బిగించి పట్టుకున్నాయి. వేసినవాళ్లు పక్కన కూర్చుని చూసి వేసి ఉంటారు, ఊహించి వేస్తే ఆ చెయ్యి అలా రాదు. చూపు కూడా మనవైపు లేదు, పత్తి మీదే ఉంది. ఆ బొమ్మ ఉన్న గదిలో ఒక మనిషి తోడున్నట్టుంటుంది.

"ఎవరీవిడ అని చుట్టాలడిగితే ఏం చెప్పను" అన్నావు. ఎవరో చెప్పనక్కర్లేదమ్మా. పోర్ట్రెయిట్ అయితే ఫలానా మనిషి పోలిక రావాలి. ఇది అలా కాదు, ఆ పనీ, ఆ వయసూ, ఆ కూర్చున్న తీరూ తెలిస్తే చాలు. మన శ్రీకాకుళంలోనే 1921లో పుట్టిన వడ్డాది పాపయ్యగారు యువ పత్రికకి వేసిన ఆడవాళ్ల పేర్లు మేమెప్పుడూ అడగలేదు. వ.పా. అన్న సంతకం వెతక్కముందే ఆ కళ్లు చూసి ఆయన బొమ్మని గుర్తుపట్టేవాళ్లం.

ఆయన వేసిన పత్రిక అట్టమీది బొమ్మ ఒకటి మీ అమ్మ ఫ్రేము కట్టించి కిటికీకి ఎదురుగా పెట్టింది, గుర్తుందా? కొన్నేళ్లకి చీర ఎరుపంతా పోయి నీలం మిగిలింది. అచ్చువేసిన రంగుల్ని ఎండ అలాగే తినేస్తుంది. అందుకని ఆ ముసలామె బొమ్మ చేత్తో వేసిందా, ప్రింటా అని గట్టిగా అడుగు. భూతద్దంతో చూస్తే ప్రింటులో సన్నటి చుక్కలు కనిపిస్తాయి. చేత్తో వేసిన ఆయిల్ పెయింటింగ్ అయితే పక్కనుంచి వెలుగు పడినప్పుడు కుంచె గీతలు కాస్త పైకి తేలి ఉంటాయి. వాటర్ కలర్ అయితే అద్దం తప్పనిసరి, కాగితం అద్దానికి అంటుకోకుండా మధ్యలో మౌంట్, అంటే చుట్టూ అట్ట అంచు, పెట్టించు. ఏదైనా సరే, చెమ్మ దిగే గోడకి మాత్రం వద్దు.

మేకు ఎక్కడ కొట్టాలని అల్లుడుగారు అడిగారట. బొమ్మ నడిమధ్య నేల నుంచి ఐదడుగులకి కాస్త తక్కువలో ఉంటే నిలబడి చూసినా, కూర్చుని చూసినా బాగుంటుంది. చాలామంది తలెత్తి చూసేంత పైకి కడతారు, అక్కడ ముసలామె చేతులు కనపడవు.

డబ్బు కట్టేముందు ఒక్కసారి వెళ్లి ఎదురుగా చూడు. ముందు గది అవతలి నుంచి, తర్వాత మూరెడు దూరంలోంచి. ఆదివారం వెళ్తే వీడియో కాల్ చెయ్యి, ఆ కుడిచెయ్యి దగ్గరగా చూపించు.

మీ నాన్న