పాత ఫియట్ పాలియో కారు కొనాలనుకుంటున్న మా పాపకు

పాపా,

చిత్తూరు పోయి బండి చూసొచ్చినా. కొను. కాకపోతే ఆయన చెప్పే ధరకు కొనొద్దు, కొన్న ధరతోనే ఖర్చు అయిపోతుందనే లెక్కతోనూ కొనొద్దు.

నీ ఎంపికను తప్పు పట్టను. తక్కువ డబ్బుతో స్పోర్ట్స్ కారంటే మన దేశంలో దొరికేవే తక్కువ. గోవాలో చేసిన శాన్ స్టార్మ్ ఉండేది, రెండు సీట్లు, ఫైబర్ బాడీ, అయినా ఇంజను చిన్నది. 2001లో ఫియట్ తెచ్చిన పాలియో 1.6 (1.6 లీటర్ల ఇంజనుది) దానికి తలకిందులు. చూస్తే ఇంటిల్లిపాదీ గుడికి పోయే కారు, లోపల 100 గుర్రాల ఇంజను. టెండూల్కర్ ప్రచారం చేసినా జనం లీటరుకు ఎంతిస్తుందని అడిగి పక్కకు పోయినారు. అందుకే ఈరోజు నీ జీతానికి అందుతా ఉంది.

ఓనరు మర్యాదస్తుడే. మీటర్లో 68 వేలు చూపిస్తా ఉంటే నేను నోరెత్తకముందే "కాణిపాకంలో ప్రమాణం చేస్తా సార్" అనినాడు. చేస్తాడు, నాకు అనుమానం లేదు. కానీ ఆయన మూడో ఓనరు. ముందు ఇద్దరూ ఏం చేసినారో వినాయకుడికి తెలియాల్సిందే. అందుకే మీటరు వదిలేసి రబ్బరు చూసినా.

ఇరవై ఏళ్లు దాటిన బండిలో ఇంజను అంత సులభంగా పోదు. పోయేది రబ్బరు. నీడన నిలబెట్టినా దానికి వయసు వస్తానే ఉంటుంది. రేడియేటర్ హోసులు నొక్కితే చెక్క మాదిరి ఉన్నాయి. ఇంజనును మోసే రబ్బరు దిమ్మలు, అదే మౌంటింగులు, కుంగి, బండి నిలబడి ఉన్నప్పుడు గేరు రాడ్డు వణుకుతా ఉంది. ముందు చక్రాలను పట్టుకునే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు పగిలినాయి. టైర్లకు గ్రిప్పు బాగానే ఉందని ఆయన మురిసిపోయినాడు. పక్కన అచ్చు వేసిన అంకెలు చూస్తే 1416, అంటే 2016లో పద్నాలుగో వారం తయారైనవి. గ్రిప్పు ఎంతున్నా అవి పారేయాల్సిన టైర్లే. ఇంజన్లో వాల్వులను పిస్టన్లతో జత కలిపి తిప్పే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చినారని అడిగితే ఆలోచించినాడు. ఆలోచించినాడంటే మార్చలేదనే రాసుకో. అది తెగితే బండి ఆగడంతో పోదు, ఇంజను విప్పే పని పడొచ్చు.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఈ బండి చేసిననాడు ఆ లెక్క లేదు. పాత పెట్రోల్ పైపులను అది తినేస్తుంది. లోపల ఎప్పుడైనా పెట్రోల్ వాసన తగిలితే ఏసీ పెంచుకుని పోవద్దు, పక్కకు తీసి ఆపు.

ఇంజను మాత్రం శుభ్రంగా ఉంది. చెప్పకుండా పొద్దున్నే పోయినా, బానెట్ చల్లగా ఉంది, ఒక్క దెబ్బకు స్టార్టయింది. వేడి చేసి పెట్టిన ఇంజను ఎవరికైనా స్టార్టవుతుంది, దాన్ని చూసి మోసపోవద్దు. ఆయిల్ మూత కింద తెల్లని జిగురు లేదు, అంటే ఆయిల్లో నీళ్లు కలవలేదు. తొక్కితే నీలం పొగ రాలేదు, అంటే ఆయిల్ కాలడం లేదు. కాణిపాకం రోడ్డులో మూడో గేర్లో కాస్త గట్టిగా తొక్కినా. ఈ మాట మీయమ్మకు చెప్పొద్దు గానీ, దిగాలనిపించలేదు.

నువ్వు బెంగళూరు నుంచి పలమనేరు మీదుగా వస్తావు, మొగిలి ఘాట్ దిగాలి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. పాతదైతే దిగుడులో కాగి, పెడల్ లోపలికి దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చు, బాగున్నా మార్చు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని ఊరికే పెట్టలేదు. కొండ బస్సుల షెడ్డులో పనిచేసినోణ్ణి, బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగిన డ్రైవరు లైనర్లు ఎట్లా కాలిపోయి వచ్చేవో నాకు తెలుసు. ఎక్కిన గేర్లోనే దిగు.

ఆయన లక్షా అరవై అంటా ఉన్నాడు. లక్షా ఇరవైకి అడుగు. ఇంకో ఎనభై వేలు బ్యాంకులో లేకపోతే ఈ సంవత్సరం అడగనే వద్దు. రబ్బరుకు, టైర్లకు, క్లచ్‌కు మొదటి ఏడాదే పోతుంది. ఊర్లో లీటరుకు పది వస్తే సంతోషపడు. ఫియట్ ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది, కాబట్టి సామాను బెంగళూరు జేసీ రోడ్డులోనో, మద్రాసు పుదుపేటలోనో వెతుక్కోవాలి. ఒక్కో చిన్న ముక్కకు వారం బండి షెడ్డులోనే ఉంటుంది. స్కూటర్ అమ్మొద్దు.

కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. ఏపీ 03 నంబరు, 2003 బండి, పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి మళ్లీ 2023లో చేయించినాడు. 2028లో నీ వంతు. ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఇప్పుడు ఫీజే పదివేలు. బెంగళూరులో ఏడాదికి మించి ఉంచితే ఇక్కడ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని అక్కడ పన్ను కట్టాలి. పేరు మార్పిడికి ఉండే 29, 30 ఫారాల మీద సంతకాలు పడకుండా డబ్బు చేతిలో పెట్టొద్దు.

టైర్లు నేను వేయిస్తా. వచ్చేటప్పుడు జేసీ రోడ్డులో టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ బేరింగు, వాటర్ పంపు మూడూ ఒకేసారి తీసుకురా. చాసిస్ నంబరు చూపించి అడుగు, 1.2 ఇంజను బెల్టు అంటగడతారు, అది దీనికి పట్టదు.

మీ నాయన
తిరుపతి