కరువు కథకు నిండైన వాద్యబృంద సంగీతం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో సినిమా సంగీతంపై వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదివే పాఠకుడిగా, 1986లో క్లోడ్ బెర్రీ దర్శకత్వంలో వెలువడిన ‘జాన్ ద ఫ్లోరెట్’ అనే ఫ్రెంచ్ కుటుంబ కథాచిత్రానికి జాన్-క్లోడ్ పెటీ కూర్చిన సంగీతాన్ని తోటి పాఠకులు తప్పక వినాలని కోరుతున్నాను. పొలంలోని ఊటను దొంగచాటుగా పూడ్చి, కొత్తగా వచ్చిన రైతును నీటి చుక్కకు అల్లాడించిన కథ అది. ఎండిన బోర్లను ఎరిగిన అనంతపురం వారికి దానిని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇటలీ స్వరకర్త వెర్డీ 1862 నాటి సంగీత నాటకంలోని ఒక బాణీని పెటీ ప్రధాన వరుసగా స్వీకరించారు. అరువు బాణీ అని చిన్నచూపు చూడనవసరం లేదు, ఎందుకంటే కథానాయకుడు వాయించే హార్మోనికా మీద బేలగా పలికే ఆ వరుసే తంత్రీవాద్యాలు అందుకున్నప్పుడు కుటుంబమంతటి దుఃఖంగా విస్తరిస్తుంది. చినుకు రాలని ఆ కొండలపై ఇంత నిండైన సంగీతం కొందరికి మోతాదు మించినట్లు తోచవచ్చు. నాకు మాత్రం ఆ వైరుధ్యమే నచ్చింది. అదే ఏడాది వచ్చిన రెండవ భాగంలోనూ ఈ వరుస కొనసాగుతుంది కనుక రెండింటినీ వరుసక్రమంలో, వీలైతే మంచి స్పీకర్లపై వినవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, అనంతపురం